కిరణాల వైద్యం – రోగికి రోజు ఎలా గడిచింది?

ఏలూరు మీదుగా పారే తమ్మిలేరును మీలో కొందరైనా చూసి ఉంటారు. అది వెళ్ళి కొల్లేరులో కలుస్తుంది. బుడమేరు, రామిలేరు కూడా అందులోనే కలుస్తాయి. వచ్చే ఏరులు ఇన్ని ఉన్నా, నీరు సముద్రానికి పోయే దారి మాత్రం ఒక్కటే. అదే ఉప్పుటేరు. దానికి అడ్డం పడితే ఏమవుతుంది? కొల్లేరు ఉబ్బుతుంది. చుట్టుపక్కల చేలు మునుగుతాయి.

ఇలాంటి చిక్కే ఒక్కొక్కసారి మనిషి తలలోనూ వస్తుంది.

సాగని పెట్టె

పెద్దవారి మెదడు సుమారు 1,400 గ్రాముల బరువుంటుంది. దాని చుట్టూ, దాని లోపలి గదులలో నీరులాంటి ద్రవం ఉంటుంది. రోజుకు సుమారు అర లీటరు కొత్త ద్రవం ఊరుతుంది. అంత ద్రవమూ తిరిగి రక్తంలో కలిసిపోతుంది.

కొల్లేరు నీరు ఎక్కువైతే చేలమీదికి పొర్లుతుంది. కపాలంలో అలా పొర్లడానికి చోటు లేదు. ఎముక సాగదు. లోపల కొన్ని కణాలు అదుపు తప్పి పెరిగి కణితిగా తయారైతే మెదడు నలిగిపోతుంది. ద్రవం పోయే దారి మూసుకుపోనూ వచ్చు. అప్పుడు విడవని తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, మూర్ఛ వంటివి కనిపిస్తాయి. అందుకే కాన్సరు కాని కణితి కూడా మెదడులో ప్రమాదకరం కావచ్చు.

తలనొప్పి వచ్చినప్పుడల్లా కణితి అనుకుని భయపడకండి! చాలా తలనొప్పులకు కారణాలు వేరు.

మూడు ఏరులు, ఒక కొల్లేరు

కణితికి మూడు రకాల వైద్యం ఉంది: శస్త్రచికిత్స, మందులు, కిరణాలు. కాన్సరు మందులకు దారి చూపిన వారిలో ఎల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. ఆయన 1895 జనవరిలో భీమవరంలో పుట్టారు. అదే సంవత్సరం నవంబరులో జర్మనీలో రాంట్‌జన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు.

శక్తిమంతమైన ఎక్స్ కిరణాలు కణంలోని డి.ఎన్.ఏ. పోగులను తెంచుతాయి. పోగులు తెగిన కణం విభజన చెందలేక చనిపోతుంది. కాని కిరణం కణితిని చేరాలంటే మంచి మెదడును దాటుకునే పోవాలి కదా! మరి మంచి కణాల గతేమిటి?

ఒక చిన్న ప్రయోగం చేయండి. చీకటి గదిలో ఒక తెల్ల కాగితం పెట్టండి. ముగ్గురు మిత్రులు మూడు వైపుల నుంచి మూడు టార్చిలైట్ల వెలుగును కాగితం మీద ఒకే చోట పడేటట్లు వేయండి. వెలుగులు కలిసినచోటే కాంతి ఎక్కువ, అవునా? వైద్యులు చేసేదీ అదే. పలు దిక్కుల నుంచి కొద్దికొద్దిగా కిరణాలు పంపుతారు. ఏరులన్నీ కొల్లేరులో కలిసినట్లు అవి కణితిలో కలుస్తాయి.

తల కదిలితే గురి తప్పుతుంది. అందుకే వేడినీటిలో మెత్తబరచిన ప్లాస్టిక్ వలను ముఖం మీద అద్ది, ఒక్కొక్క రోగికి ఒక్కొక్క ముసుగు తయారు చేస్తారు. కిరణాలు పడుతుంటే నొప్పి తెలియదు. కొద్ది నిమిషాలలో పని అయిపోతుంది.

గండి పూడ్చుకునే రైతు

కిరణాల మోతాదును ‘గ్రే’లలో కొలుస్తారు. ఒక కిలో పదార్థంలో ఒక జౌలు శక్తి ఇంకితే అది ఒక గ్రే. మెదడులోని ఒక మొండి కాన్సరుకు సాధారణంగా 60 గ్రేలు ఇస్తారు. ఒక్కసారిగా కాదు. రోజుకు 2 గ్రేల చొప్పున, వారానికి 5 రోజులు, 6 వారాలు.

ఎందుకలా? పొలం గట్టుకు ఒక గండి పడితే రైతు రాత్రికి రాత్రే పూడ్చుకుంటాడు. ఒకేసారి పది పడితే ఏం చేయగలడు? మంచి కణం జాగ్రత్త గల రైతు వంటిది. మర్నాటి కిరణం వచ్చేలోగా తన పోగులను చాలావరకు బాగుచేసుకుంటుంది. కాన్సరు కణానికి ఆ నేర్పు తక్కువ.

మార్కులు ఎవరు వేయాలి?

కణితి తగ్గిందో లేదో స్కానింగు చెబుతుంది. మరి రోగి ఎలా ఉన్నాడో ఎవరు చెప్పాలి?

చికిత్స సాగేకొద్దీ అలసట పెరుగుతుంది. కిరణాలు పోయినచోట జుట్టు రాలుతుంది. వాపు తగ్గించే మందుల వల్ల ఆకలి పెరగవచ్చు, నిద్ర తగ్గవచ్చు. కొందరికి నెలల తరువాతో, ఏళ్ళ తరువాతో జ్ఞాపకశక్తి మందగిస్తుంది. ఇవన్నీ స్కానింగులో కనబడవు.

1940ల చివర అమెరికాలో కార్నాఫ్‌స్కీ అనే వైద్యుడు రోగి తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలడో చూసి నూటికి మార్కులు వేసే పద్ధతి పెట్టాడు. మంచి పద్ధతే. కాని మార్కులు వేసేది వైద్యుడు. 1993లో యూరప్ పరిశోధకులు 30 ప్రశ్నల పత్రం ప్రచురించారు. దానికి జవాబిచ్చేది రోగే! నిద్ర, నొప్పి, అలసట, దిగులు, ఇంటి పనులు, డబ్బు ఇబ్బంది – అన్నీ అందులో ఉన్నాయి. మెదడు కణితి రోగుల కోసం చూపు, మాట, నడక వంటివాటి మీద మరో 20 ప్రశ్నలు చేర్చారు. దీనినే ‘జీవన నాణ్యత’ను కొలవడం అంటారు.

ఈ లెక్క ఎందుకో చూడండి. తాడేపల్లిగూడెం నుంచి ఒక ముసలాయన కిరణాల కోసం రోజూ విజయవాడ వెళ్ళి వస్తున్నాడనుకుందాం. రానూపోనూ సుమారు 200 కిలోమీటర్లు. 30 రోజులకు 6,000 కిలోమీటర్లు! కెనడా వైద్యులు 60 ఏళ్ళు, ఆపైన వయసున్న ఆ మొండి కాన్సరు రోగులలో కొందరికి 6 వారాల చికిత్స, కొందరికి 3 వారాల చికిత్స ఇచ్చి, ఫలితాలను 2004లో ప్రకటించారు. రెండు జట్లవారూ బతికిన కాలంలో చెప్పుకోదగిన తేడా లేదు. అంటే ఆ ముసలాయనకు సగం ప్రయాణం తప్పుతుంది. ఆయన రోజులు పెరగకపోవచ్చు. కాని మూడు వారాలు రైలులో కాక మనుమల మధ్య గడుస్తాయి. ఇది అందరికీ వర్తించదు. వయసును, కణితి రకాన్ని బట్టి వైద్యులే నిర్ణయిస్తారు.

అలాగే, కాన్సరు మెదడులో పలుచోట్లకు పాకినవారికి తల అంతటికీ కిరణాలు ఇవ్వవలసివస్తుంది. అప్పుడు జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగం మీద వాటిని తగ్గిస్తే మతిమరుపు తగ్గుతుందని 2020లో వెలువడిన పరిశోధన తేల్చింది.

మీరేం చేయగలరు?

మెదడు కణితులు పిల్లలకూ వస్తాయి. చికిత్స ముగించుకుని మీ తరగతికే ఒక మిత్రుడు తిరిగి రావచ్చు. అతని తల మీద జుట్టు లేకపోవచ్చు. పాఠం ఆలస్యంగా ఎక్కవచ్చు. అది సోమరితనం కాదు. గట్లు పూడ్చుకుంటున్న మెదడు అలసట. మీ నోటుపుస్తకం ఇవ్వండి. చెప్పిందే మళ్ళీ ఓపికగా చెప్పండి. పక్కన కూర్చోండి. ఈ జబ్బు అంటుకోదు. బయటి యంత్రం నుంచి వచ్చిన కిరణాలు ఒంట్లో నిలవ ఉండవు, మీకు సోకవు.

ఇంట్లో అలాంటి రోగి ఉంటే, “తగ్గిందా?” అని మాత్రమే అడగకండి. “ఈ రోజు ఎలా గడిచింది?” అని అడగండి. చెప్పింది రాసిపెట్టి పెద్దల చేత వైద్యునికి చూపించండి. ఆ కాగితం కూడా వైద్యంలో భాగమే.

ఆలోచించి చెప్పండి

1. 60 గ్రేలు ఒకేసారి ఇస్తే మంచి కణాలకు ఏమవుతుంది?
2. కిరణాలను ఒకే దిక్కు నుంచి ఎందుకు పంపరు?
3. స్కానింగు చెప్పలేనివి, రోగి మాత్రమే చెప్పగలిగేవి మూడు రాయండి.