బురద దాచిన ఊరు

అమెరికా దేశంలో పడమటి సముద్రం ఒడ్డున మకా అనే తెగవాళ్లున్నారు. తెల్లవాళ్లు రాకముందు నుంచీ వాళ్లదా నేల. వాళ్లు తిమింగలాలను వేటాడేవాళ్లు. సెడార్ అనే చెట్టు వాళ్లకు తల్లిలాంటిది. ఇంటికి పలకలు, పడవకు మాను, బుట్టకూ చాపకూ నార, అన్నీ ఆ చెట్టే ఇచ్చేది.

వాళ్ల ఊళ్లలో ఓజెట్ ఒకటి. కొన్ని వందల ఏళ్ల కిందట అక్కడ కొండచరియ విరిగి పడింది. కొన్ని ఇళ్లు సామానుతో సహా బురదలో కూరుకుపోయాయి. ఈ సంగతి పెద్దలు పిల్లలకు చెబుతూ వచ్చారు.

1970లో పెద్ద తుఫాను వచ్చింది. అలలు ఒడ్డును కోసేశాయి. పాత సామాను బయటపడింది. దారినపోయేవాళ్లు కొందరు పట్టుకుపోసాగారు. తెగ పెద్దలు ఊరుకోలేదు. విశ్వవిద్యాలయం వాళ్లకు కబురు పెట్టారు. అందరూ కలిసి 11 ఏళ్లు తవ్వారు. పార తగిలితే నానిన చెక్క విరిగిపోతుంది కదా! అందుకని గొట్టాలతో నీళ్లు పట్టి బురదను మెల్లగా కడిగారు.

55,000కు పైగా వస్తువులు దొరికాయి. బుట్టలు, చాపలు, గాలాలు, చెక్క పెట్టెలు, మగ్గం సామాను ఉన్నాయి. చెక్కా నారా ఇన్నేళ్లు ఎందుకు కుళ్లలేదు? తడి బురద గాలి తగలకుండా కప్పేసింది. గాలి లేకపోతే కుళ్లబెట్టే సూక్ష్మక్రిములు పనిచెయ్యలేవు.

ఈ వస్తువులు దూరాన ఏ పట్నానికో పోకూడదని మకావాళ్లు పట్టుబట్టారు. 1979లో నియా బే అనే తమ ఊళ్లోనే మ్యూజియం తెరిచారు. పాతకాలపు ఇంటి నమూనా, పడవలు, తిమింగలం ఎముకల గూడు అక్కడ చూడొచ్చు. ఏ వస్తువు పేరేమిటో, దేనికి వాడేవాళ్లో చెప్పింది ఆ తెగ ముసలివాళ్లే.

వస్తువులతోపాటు మాటనూ దాచుకున్నారు. ఒకప్పుడు సర్కారు బడుల్లో మకా పిల్లలు తమ భాష మాట్లాడితే శిక్షించేవాళ్లు. దాంతో ఆ భాష పోయే గతి పట్టింది. పుట్టినప్పటి నుంచి ఆ భాషలోనే పెరిగిన చివరి ముసలమ్మ 2002లో, నూరేళ్ల వయసులో చనిపోయింది. అయితే అప్పటికే పెద్దల మాటలను రాసిపెట్టారు, రికార్డు చేశారు. ఇప్పుడు అక్కడి పిల్లలు బడిలో ఆ భాష నేర్చుకుంటున్నారు.

చూశారా అక్కలారా! బుట్టను బురద కాపాడింది. మాటను మాత్రం మనిషే కాపాడాలి. మనం నేర్చిన అక్షరం అందుకూ పనికొస్తుంది.

మాట్లాడుకుందాం:
1. నార, చెక్క ఎందుకు కుళ్లలేదు?
2. వస్తువులు తమ ఊళ్లోనే ఉండాలని మకావాళ్లు ఎందుకు పట్టుబట్టారు?
3. మీ అమ్మమ్మ వాడిన ఒక పనిముట్టు పేరు రాయండి. దాంతో ఏం చేసేవాళ్లో రెండు మాటల్లో రాయండి.