కౌజుపిట్టల మేతలో పసుపు, వెల్లుల్లి, మునగాకు

కౌజుపిట్టల పెంపకము కొద్ది స్థలముతోను, కొద్ది పెట్టుబడితోను సాగదగిన యుపవృత్తి. పొలములలో తిరుగు అడవి జాతులను పట్టుట 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. పెంపకమునకు యోగ్యమైనది జపాను కౌజు. దీనిని 1974లో మన దేశమునకు తెచ్చి, ఉత్తర ప్రదేశములోని ఇజ్జత్‌నగరమున పరిశోధకులు అభివృద్ధి పరచిరి. గ్రుడ్డు నుండి వెలువడునప్పుడు ఎనిమిది గ్రాములుండు పిల్ల అయిదు వారములలో సుమారు 200 గ్రాములు తూగును. ఇంత వేగముగ పెరుగు ప్రాణికి మేతయే ప్రధానము. ఖర్చులో మూడింట రెండు వంతులు మేతకే పోవును. కావున మేతలో కలుపు ప్రతి వస్తువునుగూర్చియు రైతు విచారింపవలెను.

పసరు వస్తువు లెందులకు?

కోళ్ల మేతలో యాంటీబయాటిక్ మందులను స్వల్పముగ కలిపిన పిల్లలు త్వరగా పెరుగునని 1940 దశాబ్దాంతమున కనుగొనిరి. నాటినుండి ఆ యలవాటు దేశదేశముల వ్యాపించెను. కాని యనుదినము మందు తినిన పక్షుల ప్రేగులలో ఆ మందునకు లొంగని సూక్ష్మజీవులు బలియును. అట్టివి మనుష్యులకు సోకినచో వైద్యుని మందు పనిచేయదు. అందుచేత ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుండి ఎదుగుదలకై మేతలో యాంటీబయాటిక్‌లు కలుపుట నిషేధించినది. మన ప్రభుత్వమును 2019లో కొలిస్టిన్ అను మందును ఆహారమునకై పెంచు జంతువులకు వాడరాదని యుత్తరువు చేసెను. వీనికి బదులుగా ఏమి కలుపవచ్చునని వెదకుచుండగా, మన వంటింటి దినుసులపై పరిశోధకుల దృష్టి పడినది.

మూడు వస్తువులు, వాని మోతాదులు

పసుపు: ఇందలి కుర్కుమిన్ అను పదార్థము వాపును తగ్గించుటకును, శరీర కణములు చెడకుండుటకును తోడ్పడును. నూరు కిలోల మేతకు అర కిలో పొడి చాలును. దుగ్గిరాల, నిజామాబాదు ప్రాంతముల రైతులకు ఇది ఇంటి పంటయే. కొమ్ములనే కొని పొడి చేయించుకొనుడు. అంగడిపొడిలో రంగు కొరకు సీసముతో కూడిన పదార్థము కలుపు మోసము కలదు, అది విషము.

వెల్లుల్లి: పాయను నలిపినప్పుడు పుట్టు అల్లిసిన్ సూక్ష్మజీవులను అణచు శక్తి కలది. ఎక్కువ వేడి తగిలిన ఆ శక్తి పుట్టదు. కావున రెబ్బలను పలుచగా తరిగి నీడలో గాలికి ఎండబెట్టి పొడి చేయవలెను. ఇదియు నూరు కిలోలకు అర కిలో.

మునగాకు: ఇది మందు మాత్రమే కాదు, మేత కూడ. ఎండుటాకులో మాంసకృత్తులు, సున్నము, విటమిన్ ఎ నిచ్చు పసుపువన్నె పదార్థము సమృద్ధిగ కలవు. గ్రుడ్డు పెట్టు పిట్టల కిచ్చిన పచ్చసొన చక్కని రంగు దేరును. ఎండలో వేసిన గుణము నశించును, నీడనే ఎండబెట్టవలెను. పీచు గలది గావున నూరు కిలోలకు రెండు కిలోలతో ఆరంభించి, అయిదు కిలోలు మించకుండ చూచుకొనవలెను.

వేపాకు మంచిదే యని కొందరు విరివిగ కలుపుదురు. చేదు మించిన పిట్ట మేత మానును. మేత మానిన ఎదుగుదల ఆగును.

వీనితో కానిది

పిల్లల మేతలో నూటికి ఇరువదినాలుగు వంతులకు తక్కువగాక మాంసకృత్తు లుండవలెను. సోయా పిండిని తగ్గించి ఆ లోటును పసుపుతో పూడ్చుట అసాధ్యము. బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్కలలోని విషమును ఏ యాకును పూర్తిగ విరువజాలదు. అట్టి దినుసును పారవేయుటయే మార్గము. మొదటి వారమున 37 డిగ్రీల వెచ్చదనము లేనిచో పిల్లలు గుంపుగూడి, ఒకదానిక్రింద నొకటి నలిగి చచ్చును. నీటి పళ్లెములో గులకరాళ్లు వేయనిచో మునిగిపోవును. రక్తవిరేచనములు కనబడినను, పిట్టలు వరుసగ చచ్చుచున్నను పశువైద్యుని పిలువవలెనే కాని వెల్లుల్లి మోతాదు పెంచి కూర్చుండరాదు.

స్వయముగ పరీక్షించు విధము

పరిశోధనలలో కొన్నిట మంచి ఫలము, కొన్నిట స్వల్ప ఫలము, మరికొన్నిట శూన్యము కనబడినవి. శుభ్రత, మేత బాగున్న శాలలో భేదము తక్కువగ నుండుట సహజము. కావున తన శాలలో ఫలమెట్టిదో రైతే తూచి తెలిసికొనవలెను.

ఒకే దినమున పుట్టిన రెండు వందల పిల్లలను ఏరకుండ రెండు గుంపులు చేయుడు. రెంటికిని ఒకే మేత, ఒకే వెచ్చదనము, ఒకే స్థలము. ఒక గుంపు మేతలో మాత్రము పసుపు కలుపుడు. అర కిలో పొడిని ముందు అయిదు కిలోల మేతతో బాగుగ కలిపి, పిమ్మట తక్కినదానిలో కలిపిన సమముగ వ్యాపించును. వేసిన మేతను, మిగిలిన మేతను వ్రాసి, వారమున కొకసారి తూచుడు. మూడవ వారమున రొమ్ము ఈకలు చూచి, ఎఱ్ఱనివి పోతులు, చుక్కలు గలవి పెట్టలు అని గుర్తింపుడు. పెట్టలు సహజముగ బరువు గావున, పోతును పోతుతోను పెట్టను పెట్టతోను పోల్చవలెను.

ఉదాహరణకు, పసుపు లేని నూరు పిట్టలు 57.6 కిలోల మేత తిని 19.2 కిలోలు పెరిగెననుకొందము. కిలో పెరుగుదలకు మూడు కిలోల మేత. పసుపు తినిన నూరు 57.1 కిలోలతో 19.7 కిలోలు పెరిగినచో కిలోకు 2.9 కిలోలు. అధికముగ వచ్చిన అర కిలో మాంసపు వెల, మిగిలిన అర కిలో మేత వెల ఒక ప్రక్కను, ఖర్చయిన సుమారు 285 గ్రాముల పసుపు వెల రెండవ ప్రక్కను వ్రాసి చూడుడు. ఒక్కసారితో నిర్ణయింపక, మూడు దఫాలు అదే ఫలము వచ్చిన నమ్మవచ్చును.

ఇట్టి లెక్కలను సభ్యులు సంఘ సమావేశమునకు తెచ్చినచో, పదిమంది లెక్కలు కలిసి ఒక్కని యనుభవముకంటె గట్టి యాధారమగును. ఫలము నిశ్చయమైన పిమ్మట కొమ్ములు, మునగాకు సంఘము ద్వారా కలిసి కొని, ఒకేచోట పొడి చేయించుకొనిన కల్తీ భయము తొలగును, వెలయు తగ్గును. ఫలము లేదని తేలినను నష్టము లేదు. వృథాగ పోవు సొమ్ము మంచి సోయా పిండికి మిగులును.