ఇరవై ముఖాల పాచిక

వైకుంఠపాళి ఆడేటప్పుడు వేసే పాచికకు ఆరు ముఖాలుంటాయి. మరి ఇరవై ముఖాల పాచికను చూశారా? దాని ప్రతి ముఖమూ ఒక సమబాహు త్రిభుజం. శీర్షాలు 12, అంచులు 30.

1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనేవారు రూపొందించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆటతో ఈ పాచికకు పేరొచ్చింది. బల్ల చుట్టూ కూర్చున్నవారిలో ఒకరు కథ నడుపుతారు. మిగిలినవారు తలా ఒక పాత్ర ధరించి, కథలో వచ్చే ఆపదలను కలిసి దాటుతారు. అక్కడ 1968లో మొదలైన 'జెన్ కాన్' అనే ఆటల సమ్మేళనంలో ముక్కూ మొహం తెలియనివారు సైతం ఒకే బల్ల దగ్గర చేరి ఈ ఆట ఆడుతుంటారు. లేచేసరికి స్నేహితులవుతారు. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

గోడ దూకడానికి 11 గాని, అంతకు మించి గాని పడాలనుకోండి. 20 ముఖాల్లో అనుకూలమైనవి 10. కనుక సంభావ్యత 1/2. 2014లో వచ్చిన నియమాల ప్రకారం, తోటి ఆటగాడు సాయపడితే పాచికను రెండుసార్లు వేసి పెద్ద సంఖ్యను తీసుకోవచ్చు. రెండుసార్లూ తప్పే సంభావ్యత 1/2 × 1/2 = 1/4. అంటే గోడ దూకగలిగే సంభావ్యత 3/4! పక్కవారి సాయం విలువ ఇంత.

చేసి చూడండి: రెండు నాణేలను కలిపి 100 సార్లు ఎగరేయండి. ఒక్క బొమ్మయినా పడినవి ఎన్నో లెక్కించండి. 75కు దగ్గరగా వచ్చాయా?