మౌనము – భయము

సూర్యాపేట జిల్లాలోని మేళ్లచెరువు 2016వ సంవత్సరమునకు ముందు నల్లగొండ జిల్లాలో నుండెడిది. అచటి శంభులింగేశ్వరస్వామి ఆలయమున మహాశివరాత్రికి గొప్ప జాతర జరుగును. జాతరనాటి సాయంకాలము ఇంటనే యున్న ఇద్దరు బాలురను ఊహింపుడు.

మొదటివాడు ఉదయముననే స్వామిని దర్శించి, మిత్రునితో కొంతసేపు తిరిగి వచ్చెను. జనసమ్మర్దమున అలసిన వాని మనస్సు ఇప్పుడు పుస్తకము చదువుచు సేదదీరుచున్నది. రెండవవానికి జాతర చూడవలెనని ఎంతో కోరిక. కాని అందరును తననే చూచి నవ్వుదురేమో యని భయము. గుండె దడదడ కొట్టుకొనగా, తలనొప్పి యని చెప్పి ఇంట నిలిచిపోయెను. ఊరివారు ఇద్దరిని "బిడియస్థు"లనియే పిలిచిరి.

ఇది పొరపాటు. మొదటివాడు అంతర్ముఖుడు. అది స్వభావమే కాని వ్యాధి కాదు. స్విట్జర్లాండు దేశపు మనోవైద్యుడు యూంగ్ 1921లో ప్రకటించిన గ్రంథమున మానవస్వభావములను అంతర్ముఖము, బహిర్ముఖము అని విభజించెను. మన పి.వి. నరసింహారావు మితభాషిగా పేరొందినవాడు. అయినను 1991 నుండి 1996 వరకు దేశమునకు ప్రధానమంత్రిగా నుండెను.

రెండవవానిని బాధించునది భయము. అది మితిమీరి, విడువక, చదువునకును స్నేహమునకును అడ్డు వచ్చినచో వైద్యులు దానిని రుగ్మతగా నెంచుదురు. మాటకారులను గూడ అది విడువదు. పిల్లవాడు నెమ్మదస్థుడని పెద్దలు మెచ్చుకొనుచుండగా, వాడు లోలోపల కుములుచుండవచ్చును.

భయము తగ్గని దేమియు గాదు. 1891లో ఇంగ్లండునుండి తిరిగివచ్చిన గాంధీజీ బొంబాయి న్యాయస్థానమున తన మొదటి వ్యాజ్యమున ప్రశ్న వేయుటకు లేచి, నోట మాట రాక కూర్చుండిపోయెను. ఆయనయే 1893లో ప్రిటోరియాలో భారతీయ వర్తకుల సభలో ప్రసంగించెను. ఆయనకు రుగ్మత యుండెనని కాదు. బిడియమును దాటవచ్చునని చెప్పుటకే ఈ యుదాహరణము.

విద్యార్థులారా! మీరు మౌనముగా నున్నపుడు మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు: "భయమే లేనిచో నేను అచటికి పోవుదునా?" "పోను, ఇదియే నాకు హాయి" అని తోచినచో నిశ్చింతగా నుండుడు. "తప్పక పోవుదును" అని తోచినచో, ఆ మాట తల్లిదండ్రులకో గురువునకో చెప్పుడు. నేడు ఒక మిత్రునితో, రేపు నలుగురితో మాటలాడుచు మెల్లమెల్లగా అలవాటు చేసికొనుడు. భయము తగ్గనిచో వైద్యుని సలహా పొందుడు. ప్రభుత్వపు టెలీ మానస్ సేవ 14416 సంఖ్యకు ఫోను చేసినను సహాయము లభించును. మౌనమును మార్చుకొన నక్కరలేదు. భయమును మాత్రము దాచుకొనరాదు.