కంప్యూటరు యానిమేషన్ విద్య

బాలబాలికలారా! పై తరగతులయందలి మీలో కొందఱు యానిమేషన్ విద్య నభ్యసింప గోరుచున్నారు. నోటుపుస్తకముల అంచులయందు మీరు వ్రాయు బొమ్మలను జూచి, ఇది కూడుపెట్టు విద్యయేనా యని మీ తలిదండ్రులు మమ్ము నడుగుచున్నారు. ఇరువురి ప్రశ్నలును న్యాయమైనవే. కావున నీ విద్య యొక్క స్వరూపమును, దానిని నేర్చు మార్గమును, దానివలని జీవనమును క్రమముగా విచారింతము.

యానిమేషన్ అనగా నిశ్చలమైన బొమ్మలు చలించునట్లు కన్పట్టజేయుట. సినిమాయందు సెకనుకు 24 చొప్పున నిశ్చలచిత్రములు వరుసగా మాఱుచుండగా, మన మనస్సు వానిని గూర్చి చలనముగా గ్రహించును. ఒక నిమిషమునకు 1,440 చిత్రములు కావలెను.

అయిన నెన్ని చిత్రములున్నను, వాని నడిమి యెడము తప్పినచో చలనము సహజముగా నుండదు. మన శాలిబండ గడియార స్తంభమును తలచుకొనుడు. గడియారపు ముల్లు సమానకాలమున సమానదూరము నడచును. దానిని సమానమైన యెడములతో వ్రాసిన చాలును. మేడపైనుండి విడిచిన బంతి యట్లు కాదు. అది మొదటి పావు సెకనులో సుమారు 31 సెంటీమీటర్లును, రెండవ పావు సెకనులో దానికి మూడింతలు, అనగా సుమారు 92 సెంటీమీటర్లును పడును. తరువాతి పావు సెకనులలో నైదింతలు, ఏడింతలు. ఈ లెక్క తెలియక సమానమైన యెడములతో వ్రాసినచో, బంతి పడుచున్నట్లు గాక, దారము గట్టి దింపుచున్నట్లుండును. భౌతికశాస్త్రము మాకేల యని యడుగువారికి నిదియే యుత్తరము.

కంప్యూటరునందు ప్రతి బిందువును మూడు సంఖ్యలచే గుర్తింపబడును: నిడివి, వెడల్పు, ఎత్తు. బొమ్మకు ముందు ఆకారమును, లోపల అస్థిపంజరమును, పైన చర్మమును, రంగును గూర్చి, ఏ వైపునుండి వెలుగు పడవలెనో నిర్ణయింతురు. పిమ్మట యంత్రము ఒక్కొక్క చిత్రమును గణించి తయారుచేయును. బొమ్మను త్రిప్పుటకు త్రికోణమితి కావలెను. ఇట్లు కల్పించిన రూపములను, కెమెరాతో దీసిన దృశ్యములను అతుకు తెలియకుండ జేర్చుట విజువల్ ఎఫెక్ట్స్ పనిలో ముఖ్యమైన భాగము.

తెలుగువారికి తెరమీది మాయ క్రొత్త గాదు. 1957లో వెలువడిన ‘మాయాబజార్’ చిత్రమున లడ్లు తమంత తామే ఘటోత్కచుని నోటిలోనికి బోవుట మీరెఱుగుదురు. నాడు కంప్యూటరు లేదు. మార్కస్ బార్ట్లే కెమెరా నేర్పును, దర్శకుడు కె. వి. రెడ్డి యోచనయు మాత్రముండెను. 2012లో వచ్చిన ‘ఈగ’ చిత్రమున కథానాయకుడైన యీగయే కంప్యూటరు సృష్టి. ఆ పనికి హైదరాబాదునందలి మకుట సంస్థకు జాతీయ పురస్కారము లభించెను.

ఇక నీ విద్య నెచ్చట నేర్వవలెను? మాసాబ్ ట్యాంకు వద్ద 2008లో నేర్పడిన జవాహర్‌లాల్ నెహ్రూ వాస్తుశిల్ప, లలితకళా విశ్వవిద్యాలయము గలదు. ఇంటర్మీడియటు పిమ్మట ప్రవేశపరీక్ష వ్రాసి, అందు యానిమేషన్ ప్రధానముగా నాలుగేండ్ల బి.ఎఫ్.ఏ. పట్టము చదువవచ్చును. ప్రవేశమునకు చేతితో బొమ్మ వ్రాయు నేర్పు ముఖ్యము. పత్రికలలో గొప్ప ప్రకటనలు చేయు శిక్షణాలయములును గలవు. రుసుము చెల్లించుటకు పూర్వము, పట్టమిచ్చునది యే విశ్వవిద్యాలయమో విచారింపుడు; అచ్చటి విద్యార్థులు చేసిన పనిని చూపుమని యడుగుడు.

తలిదండ్రులకు సత్యమును దాచరాదు. ‘లైఫ్ ఆఫ్ పై’ చిత్రమున పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్ అను అమెరికా సంస్థకు హైదరాబాదునందును శాఖ యుండెను. ఆ పనికి 2013 ఫిబ్రవరిలో ఆస్కార్ బహుమానము వచ్చెను. అదే నెలలో, బహుమానమునకు కొలది దినముల ముందే, ఆ సంస్థ దివాలా పిటిషను వేసెను. కీర్తియు జీతమును ఎల్లప్పుడు జంటగా నడువవని దీనివలన దెలియుచున్నది. పనివేళలు దీర్ఘములు, యంత్రములును, సాఫ్ట్‌వేరులును త్వరగా మాఱుచుండును. ఒక్క సాఫ్ట్‌వేరును మాత్రమే నేర్చినవాడు అది మాఱగనే నిరాధారుడగును. చిత్రలేఖనమును, గణితమును, పరిశీలనను నేర్చినవాడు క్రొత్త పనిముట్టును త్వరలో వశపఱచుకొనును. కావున బొమ్మలు వ్రాయు బిడ్డను గద్దింపకుడు. లెక్కలు మానుటకు మాత్రము ఆ బొమ్మలను సాకుగా నొప్పుకొనకుడు.

అభ్యాసము: పాత నోటుపుస్తకమున 12 పుటల మూలలయందు, పైన జెప్పిన 1, 3, 5, 7 యెడముల నాధారముగా గొని, క్రమముగా హెచ్చు దూరములతో పడు బంతిని వ్రాయుడు. మఱియొక పుస్తకమున సమానమైన యెడములతో వ్రాయుడు. రెంటిని వ్రేలితో వేగముగా త్రిప్పి, భేదమును మీ తలిదండ్రులకు జూపుడు.