‘ధర్మం చెయ్యండి’ అన్న చేతికి మన ధమ్మం ఏం చెబుతుంది?

 

తెలుగులో ‘ధర్మం’ అనే మాటకు మనకందరికీ తెలిసిన ఇంకో అర్థం ఉంది. రెడ్ సిగ్నల్ పడగానే ఆటో పక్కకి ఒక చెయ్యి వస్తుంది. ‘ధర్మం చెయ్యండి బాబూ’ అని అడుగుతుంది. అక్కడ ధర్మం అంటే బిచ్చం. మనం పాటించేదాన్ని ధమ్మం అంటున్నాం. ఒకే మాటకు సంస్కృత రూపం ధర్మం, పాళీ రూపం ధమ్మం. మరి ఆ చేతికి మన ధమ్మం ఏం చెబుతుంది? ఇమ్మంటుందా, వద్దంటుందా?

ఈ ప్రశ్న అడిగితే మనవాళ్లలో మూడు సమాధానాలు వినిపిస్తాయి. ఒకటి: ‘బిచ్చమెయ్యడం గుడి మెట్ల దగ్గరి అలవాటు. పుణ్యం, పాపం అన్నీ వదిలేసి వచ్చాం, ఇది కూడా వదిలెయ్యాలి.’ రెండు: ‘ఇస్తే సోమరులవుతారు, తాగుతారు, వెనక ముఠాలుంటాయి.’ మూడోది నోటితో చెప్పేది కాదు, చేసేది. ముఖం చూడకుండా జేబులో చిల్లర తీసి పడేసి, మనసు తేలిక చేసుకుని వెళ్లిపోవడం.

ఈ మూడూ ధమ్మం కాదని చెప్పడానికే ఈ పాఠం.

ఆ రోజు ఆటోలో

కొన్నేళ్ల కిందట ఏప్రిల్ 14న ట్యాంక్‌బండ్ దగ్గర బాబాసాహెబ్ విగ్రహానికి దండ వేసి నలుగురం ఆటోలో వస్తున్నాం. మెడలో నీలి కండువాలు. సిగ్నల్ దగ్గర ఒక ముసలమ్మ చెయ్యి చాచింది. మాలో ఒకాయన, మంచి కార్యకర్తే, ‘కాళ్లూ చేతులూ మంచిగనే ఉన్నయి గదమ్మా, పని చేసుకోరాదూ’ అన్నాడు. ఆమె కోపం చెయ్యలేదు. ‘చేసిన బిడ్డా. నలభై ఏండ్లు ఇటుకలు మోసిన. ఇప్పుడు నన్నెవరు పిలుస్తరు?’ అంది. గ్రీన్ సిగ్నల్ పడింది, ఆటో కదిలింది. ఎవరమూ ఏమీ ఇవ్వలేదు. పొద్దుటి నుంచీ సమానత్వం గురించి ఉపన్యాసాలు చెప్పిన నోళ్లే మావి. నేనూ ఆ ఆటోలోనే ఉన్నాను, నేనూ నోరు మెదపలేదు.

ఎందుకలా జరిగిందా అని తర్వాత చాలా ఆలోచించాను. మన తాతముత్తాతలు దొర వాకిట్లో దూరంగా నిలబడి కూడు అడుక్కున్నవాళ్లే. రెక్కలు ముక్కలు చేసుకుని వెట్టి చేశాక కూడా కూలి అడిగే హక్కు లేదు, మిగిలింది పెట్టమని అడగాలి. 1927 మార్చిలో మహాడ్ సభలో బాబాసాహెబ్ మనవాళ్లకు చెప్పింది అదే. పారేసిన ముక్కలు ఏరుకోవడం మానండి, చచ్చిన పశువు మాంసం మానండి, ఆత్మగౌరవంతో నిలబడండి అన్నాడు. ఆ మాట విని పైకొచ్చాం. అందుకే చాచిన చెయ్యి కనిపిస్తే మనకు కంపరం పుడుతుంది. అది మన గతం, చూడబుద్ధి కాదు.

కానీ బాబాసాహెబ్ చెయ్యి చాచొద్దని మనకు నేర్పాడు గానీ, చాచిన చేతిని అసహ్యించుకోమని ఎప్పుడూ నేర్పలేదు. ఈ రెండింటికీ తేడా మనం మరిచిపోయాం.

భిక్షువు వేరు, బిచ్చగాడు వేరు

‘బుద్ధుడే అడుక్కున్నాడు కదా’ అని మనల్ని ఎగతాళి చేసేవాళ్లున్నారు. బిచ్చం అనే మాట భిక్ష నుంచే వచ్చింది, నిజమే. కానీ సంయుత్త నికాయంలో ఒక సంగతి ఉంది. అడుక్కుని బతికే ఒక బ్రాహ్మణుడు బుద్ధుడి దగ్గరకొచ్చి, ‘నేనూ అడుక్కుంటాను, మీరూ అడుక్కుంటారు, మనిద్దరికీ తేడా ఏమిటి’ అని అడిగాడు. అడుక్కున్నంత మాత్రాన ఎవరూ భిక్షువు కారని బుద్ధుడు జవాబిచ్చాడు. శీలం, అవగాహన, సాధన ఉంటేనే భిక్షువు.

భిక్షువు ఉన్నదాన్ని తానే వదులుకున్నాడు. సిగ్నల్ దగ్గరి మనిషి దగ్గర నుంచి ఉన్నదంతా లాగేసుకున్నారు. భిక్షువు పాత్ర నియమం, ఈ మనిషి గిన్నె నిర్బంధం. కాబట్టి పేదరికానికి దండ వేసి గొప్ప చెయ్యడం మన పని కాదు. 1950లో రాసిన ‘బుద్ధుడు, ఆయన మత భవిష్యత్తు’ వ్యాసంలో బాబాసాహెబ్ ఈ సంగతి స్పష్టం చేశాడు. మతమన్నది పేదరికాన్ని పవిత్రం చెయ్యకూడదన్నది ఆయన పెట్టిన షరతుల్లో ఒకటి.

‘అపాత్రదానం’ ఎవరి మాట?

డబ్బు ఇవ్వడం ఇష్టం లేనప్పుడు మనం కూడా అనేస్తాం, ‘అపాత్రదానం ఎందుకండీ’ అని. ఈ మాట ఎక్కడిదో ఆలోచించారా? స్మృతుల్లో గోదానానికీ భూదానానికీ పాత్రుడు బ్రాహ్మణుడు. దానం పుచ్చుకునే అర్హత కూడా పుట్టుకతోనే వస్తుందన్నమాట. ఆ తూకం రాయి పట్టుకుని మనం ఇప్పుడు ఫుట్‌పాత్ మీది మనిషిని తూస్తున్నాం.

బుద్ధుడి మీద కూడా ఒక నింద వచ్చింది. ‘నాకూ నా శిష్యులకూ మాత్రమే దానం చెయ్యండి, ఇతరులకు వద్దు’ అని చెబుతున్నాడట కదా అని వచ్చగోత్తుడు అడిగాడు. బుద్ధుడు అది అబద్ధం అన్నాడు. ఇచ్చేవాణ్ని ఆపినవాడు ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ అడ్డం పడ్డట్టే, అంతకంటే ముందు తనకు తాను హాని చేసుకున్నట్టే అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. గిన్నెలు కడిగిన నీళ్లు గుంటలో పోస్తూ, అందులోని పురుగులు బతకాలని కోరుకున్నా అది మంచి పనే. పురుగుకే పాత్రత అడగనివాడు మనిషికి అడుగుతాడా?

ఆళవి అనే ఊళ్లో బుద్ధుడు బోధ చెయ్యాల్సి ఉంది. ఒక పేద రైతు తప్పిపోయిన ఎద్దును వెతుక్కుని, ఆకలితో నకనకలాడుతూ ఆలస్యంగా వచ్చాడు. బుద్ధుడు ముందు అతనికి అన్నం పెట్టించాడు. అతను తిన్నాకే బోధ మొదలుపెట్టాడు. భిక్షువులు ఆశ్చర్యపోతే, ఆకలిని మించిన జబ్బు లేదని వాళ్లకు చెప్పాడు. ధమ్మపద కథల్లో ఇది ఉంది.

రాజగృహంలో సుప్పబుద్ధుడనే కుష్ఠురోగి కథ కూడా గుర్తుపెట్టుకోండి. దూరంగా జనాన్ని చూసి, అన్నం పంచుతున్నారేమో అనుకుని వచ్చాడు. తీరా చూస్తే అది బోధ. పక్కన కూర్చుని విన్నాడు. అంత మందిలో ధమ్మం అర్థం చేసుకోగలవాడు ఈ మనిషేనని బుద్ధుడు గుర్తించి, అతని కోసమే వరుసగా చెప్పుకొచ్చాడు. మన విహారం గేటు దగ్గరకు అలాంటి మనిషి వస్తే ఏం చేస్తాం? లోపలికి రమ్మంటామా, వాచ్‌మన్‌ని పిలుస్తామా?

కులం చేతికిచ్చిన గిన్నె

‘పని చేసుకోవచ్చు కదా’ అనేముందు ఒక్కసారి మన రాష్ట్రాల బీసీ కులాల జాబితా చూడండి. ‘ఎ’ గ్రూపులో కొన్ని కులాల పేర్ల పక్కనే సాంప్రదాయ వృత్తి భిక్షాటన అని రాసి ఉంటుంది. అంటే ఈ దేశంలో అడుక్కోవడం కూడా కులవృత్తే. తాత అడుక్కున్నాడు కాబట్టి మనవడూ అడుక్కోవాలి. మన వాడల్లోకి చూసినా డక్కలి వారు మాదిగలనే ఆశ్రయించి, జాంబపురాణం చెప్పి అడుక్కునేలా కులవ్యవస్థ ఏర్పాటు చేసింది. అడుక్కున్నవాళ్ల దగ్గరే అడుక్కునేవాళ్లను తయారు చేసింది. బాబాసాహెబ్ చెప్పిన మెట్ల అసమానత ఇదే. డక్కలి వారిని మన పంక్తిలో కూర్చోబెట్టుకున్నామా లేదా అని ఎవరికి వాళ్లం అడుగుకోవాలి.

2011 జనాభా లెక్కల్లో యాచకులు, దిక్కులేక తిరిగేవాళ్లు కలిపి దేశంలో 4,13,670 మంది అని తేలింది. వీళ్లకు ప్రభుత్వాలు చూపించిన దారి చాలాకాలం జైలే. 2017 నవంబరులో ఒక అంతర్జాతీయ సదస్సుకు ముందు హైదరాబాద్ రోడ్ల మీద భిక్షాటన నిషేధించి, దొరికినవాళ్లను జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. అడుక్కోవడాన్ని నేరం చేసే సెక్షన్లను ఢిల్లీ హైకోర్టు 2018లో కొట్టేసింది. వీధుల్లోంచి యాచకుల్ని తీసెయ్యాలన్న కోరికను 2021లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. దీన్ని ఉన్నవాళ్ల కళ్లతో చూడలేమని చెప్పింది.

రూపాయితో ఆగితే చాలదు

దీఘ నికాయంలో చక్కవత్తి సీహనాద సుత్తం ఉంది. రాజు అన్నీ చేశాడు గానీ పేదలకు ధనం అందించలేదు. పేదరికం పెరిగింది. దాంతో దొంగతనం వచ్చింది. పట్టుబడిన దొంగకు రాజు డబ్బిచ్చి పంపాడు. అది చూసి దొంగలు ఇంకా పెరిగారు. అప్పుడు తలలు నరికించడం మొదలుపెట్టాడు, జనం కత్తులు పట్టారు. మొదట పట్టించుకోకపోవడం, తర్వాత చేతికి చిక్కినవాడికి పడెయ్యడం, చివరికి శిక్షించడం. మూడూ పనిచెయ్యలేదు.

మరి పనిచేసేదేమిటి? కూటదంత సుత్తంలో ఉంది. సేద్యం చేసేవాడికి విత్తనాలు, పశువులకు మేత. వ్యాపారం చేసేవాడికి పెట్టుబడి. కొలువు చేసేవాడికి తిండి, జీతం. రెండువేల అయిదువందల ఏళ్ల నాటి ఈ ఆలోచనకు మన రాజ్యాంగంలో దగ్గరి చుట్టం 41వ అధికరణ. నిరుద్యోగం, ముసలితనం, జబ్బు, వైకల్యం వచ్చినప్పుడు రాజ్యం తన శక్తి మేరకు సాయం చెయ్యాలని అది చెబుతుంది. నలభై ఏళ్లు ఇటుకలు మోసిన ఆ అమ్మకు మన రూపాయి కంటే ముందు రావాల్సింది పెన్షన్.

అలాగని ‘పెన్షన్ వచ్చాక చూద్దాం’ అని రూపాయి ఆపకండి. ఆకలికి ఈ పూటే అన్నం కావాలి. రెండూ చెయ్యాలి.

సిగ్నల్ దగ్గర ఏం చెయ్యాలి?

1. ముందు ముఖం చూడండి. ఇవ్వలేకపోతే ‘ఇప్పుడు లేదమ్మా’ అని చెప్పండి. ‘పో పో’ అనొద్దు. డబ్బు లేనివాళ్లు కూడా చెయ్యగల దానం ఇది.

2. ముసలివాళ్లు, వికలాంగులు, జబ్బుపడ్డవాళ్లు అడిగితే ఉన్నంతలో ఇవ్వండి. విసరొద్దు, చేతిలో పెట్టండి. గౌరవంగా, సమయానికి, తనకూ ఎదుటివాళ్లకూ నష్టం లేకుండా ఇచ్చేదే సత్పురుషుడి దానమని అంగుత్తర నికాయం చెబుతుంది. రోజు కూలి మీద బతికే ఇల్లు మనది. మన పిల్లల అన్నం తీసి ఇవ్వమని ధమ్మం అడగదు.

3. పిల్లల చేతిలో డబ్బు పెట్టొద్దు. ఆ డబ్బు రేపు కూడా వాళ్లను రోడ్డు మీదకే తెస్తుంది. పండో, తినేదో దగ్గరుండి పెట్టండి. 1098కి ఫోన్ చెయ్యండి. పిల్లలతో అడుక్కునేలా చెయ్యడం 2015 బాలల న్యాయ చట్టం కింద అయిదేళ్ల దాకా జైలు పడే నేరం.

4. తాగుతాడని అనుమానమా? అన్నం పెట్టించండి. దగ్గర్లో అయిదు రూపాయల భోజనం కౌంటర్ ఉంటే అక్కడికి తీసుకెళ్లండి. అనుమానం ఇవ్వకపోవడానికి సాకు కాకూడదు.

5. మతిస్థిమితం తప్పి తిరుగుతున్నవాళ్లు కనిపిస్తే పోలీసులకు చెప్పండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అలాంటివాళ్లకు రక్షణ ఇవ్వడం పోలీసుల బాధ్యత. వాళ్లను కొట్టి తరిమే హక్కు ఎవరికీ లేదు.

6. రోజూ ఒకేచోట కనిపించే మనిషితో పేరు పెట్టి మాట్లాడండి. ఆధార్ ఉందా, రేషన్ కార్డు ఉందా, పెన్షన్‌కి పెట్టుకున్నారా, సదరం సర్టిఫికెట్ ఉందా అడగండి. మన పిల్లలు చదువుకున్నారు. ఒక దరఖాస్తు నింపి, ఆఫీసుకు తోడు వెళ్లడం వాళ్లకు ఒక పూట పని. ఆ మనిషికి మాత్రం మిగిలిన జీవితం.

7. ఒంటరిగా చెయ్యలేనిది సంఘంగా చెయ్యండి. ప్రతి విహారంలో నెలకు ఇంటికి ఇంతని ఒక దాన నిధి పెట్టండి. చుట్టుపక్కల ఉన్న ఒక్క మనిషినైనా రోడ్డు మీద నుంచి లేపి నిలబెట్టే పని తీసుకోండి. లెక్క రాసి అందరి ముందూ చదవండి.

దీక్ష నాడు మనం 22 ప్రతిజ్ఞలు చేశాం. పది పారమితలు పాటిస్తామన్నాం, సకల ప్రాణుల మీద కరుణ చూపిస్తామన్నాం. అనాథపిండికుడి పేరు మనం వందనలో తలుచుకుంటాం. ఆ పేరుకు అర్థం దిక్కులేనివాళ్లకు అన్నం పెట్టేవాడని. ఆయన జేతవనం కొని ఇచ్చాడని మాత్రమే గుర్తుపెట్టుకుని, పేరును మరిచిపోతే ఎట్లా?

పుణ్యం కోసం ఇచ్చేవాడికి రేపు కూడా ఒక బిచ్చగాడు కావాలి. ధమ్మం కోసం ఇచ్చేవాడు రేపు ఆ చెయ్యి చాచాల్సిన అవసరం లేకుండా పోవాలని ఇస్తాడు. తేడా అంతే.

ఆదివారం వందన తర్వాత చర్చకు

మన విహారానికి వెళ్లే దారిలో అడుక్కునేవాళ్లు ఎంతమంది? వాళ్లలో ఒక్కరి పేరైనా మనకు తెలుసా?

మన ఇంట్లో పిల్లల ముందు వాళ్ల గురించి ఏ మాటలు వాడుతున్నాం?

వచ్చే పౌర్ణమి లోపు ఎవరి దరఖాస్తు మనం పెట్టించగలం?

భవతు సబ్బ మంగళం. జై భీమ్.