మడ అడవి చేపలో మంచి కొవ్వు

కాకినాడ దగ్గర, గోదావరి సముద్రంలో కలిసే చోట కోరింగ మడ అడవులు ఉన్నాయి. 1978లో ఈ ప్రాంతాన్ని వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. ఉప్పునీరు, మంచినీరు కలిసే ఆ కాలువల్లో పండుగప్ప, బొంత, రొయ్య, పీత పెరుగుతాయి. కొవ్వు అనగానే గుండెజబ్బు ఉన్నవారు భయపడతారు. అయితే కొవ్వులన్నీ ఒకటి కావు. ఈ చేపల్లోని కొవ్వు గురించి ఈ నెల తెలుసుకుందాం.

అత్యవసర కొవ్వు ఆమ్లాలు

నూనెలోనైనా చేపలోనైనా కొవ్వు, కొవ్వు ఆమ్లాలతో ఏర్పడుతుంది. వాటిలో చాలావాటిని మన శరీరమే తయారుచేసుకుంటుంది. కొన్ని మాత్రం ఆహారం ద్వారానే రావాలి. 1929లో అమెరికాలో జార్జి బర్, మిల్‌డ్రెడ్ బర్ అనే దంపతులు ఎలుకలకు కొవ్వు లేని మేత పెట్టి చూశారు. వాటి ఎదుగుదల ఆగిపోయింది, చర్మం పొలుసులు కట్టింది.

ఇవి రెండు రకాలు: ఒమేగా-6, ఒమేగా-3. మామూలు పొద్దుతిరుగుడు నూనెలో ఒమేగా-6 ఎక్కువ. చేపలో ఇ.పి.ఎ., డి.హెచ్.ఎ. అనే ఒమేగా-3 ఆమ్లాలు ఉంటాయి. డి.హెచ్.ఎ. మన మెదడులోను, కంటి రెటీనాలోను ఎక్కువగా ఉంటుంది. అవిసె గింజల్లోని ఒమేగా-3ని మన శరీరం ఈ రెండిటిగా మార్చుకోగలదు గాని, కొద్దిగా మాత్రమే.

చేపకు ఎక్కడ నుండి వస్తుంది?

ఈ విషయంలో పండుగప్ప కూడా మనలాంటిదే. దానికి కావలసినంత ఇ.పి.ఎ., డి.హెచ్.ఎ. అది తయారుచేసుకోలేదు. నీటిలో కంటికి కనిపించనంత సన్నని నాచు ఇ.పి.ఎ.ను తయారుచేస్తుంది. ఆ నాచును చిన్న జీవులు తింటాయి. బొంత చేప బురద మీది నాచును నేరుగా మేస్తుంది. రాలిన మడ ఆకులు కుళ్లి సూక్ష్మజీవులకు, పీతలకు ఆహారమవుతాయి. చిన్న చేపలను, రొయ్యలను పండుగప్ప తింటుంది. అందుకే చెరువుల్లో పండుగప్పను పెంచేవారు మేతలో చేపనూనె గాని చేపపొడి గాని ఉండేలా చూడాలి. మొక్కల నూనె ఒక్కటే చాలదు.

క్యాప్సూళ్లు కొనాలా?

చేపనూనె క్యాప్సూళ్లు వేసుకుంటే గుండెపోటు రాదని కొందరు నెల నెలా డబ్బు ఖర్చు పెడుతున్నారు. అమెరికాలో 25,871 మందిపై జరిగిన వైటల్ అనే పరిశోధన ఫలితాలు 2018లో వెలువడ్డాయి. గుండెపోటు, పక్షవాతం, గుండె మరణాలు మూడూ కలిపి లెక్కిస్తే, క్యాప్సూళ్ల వల్ల చెప్పుకోదగ్గ తగ్గుదల కనబడలేదు. డాక్టరు ప్రత్యేకంగా రాస్తే తప్ప ఆ డబ్బుతో చేపలు కొనుక్కోవడం మేలు.

ఇంట్లో పాటించవలసినవి

1. తినే అలవాటున్నవారు వారానికి రెండుసార్లు చేప తినండి. పండుగప్ప ఖరీదైతే కవళ్లు, కానాగంతలు కొనండి. చవకైన ఈ చేపల్లో ఒమేగా-3 ఎక్కువ.

2. పులుసు పెట్టండి, లేదా ఆవిరి మీద ఉడికించండి. కాచిన నూనెలోనే మళ్లీ మళ్లీ వేయించవద్దు.

3. బి.పి., గుండెజబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవారు ఉప్పుచేపకు దూరంగా ఉండాలి.

4. గర్భిణులు, బాలింతలు బాగా ఉడికించిన చేప తినవచ్చు. బిడ్డ మెదడు ఎదుగుదలకు డి.హెచ్.ఎ. అవసరం. బాలింతకు పాలు పడతాయని సొరపిట్టు పెట్టే ఇళ్లు ఉన్నాయి. పెద్ద సొరలో పాదరసం చేరి ఉంటుంది గనుక చిన్న చేపలే మంచివి.

5. చేప తినని వారు అవిసె గింజలు, ఆవనూనె వాడుకోవచ్చు.

6. చేప తింటున్నామని గుండె మందులు, షుగరు మందులు మానవద్దు. చేప పడనివారు డాక్టరును అడగండి.

పిల్లలను అడగండి

పండుగప్పకు ఒమేగా-3 ఎలా చేరుతుంది? మనింట్లో నూనె ఎన్నిసార్లు కాచుతున్నాం? మడ చెట్లు నరికేస్తే చేపకు, ఆ చేప తినే మనకు ఏమి తగ్గుతుంది?